ఉప్పు దీపం

ఆదివారం పొద్దున భూదేవి పెట్టుకున్న పని చిన్నదే. తలుపు మూసి, కిటికీ కప్పి, గదిని చీకటి చేసుకోవాలి. వెలుగుకు వెలుగు కలిపితే చీకటి అవుతుందన్న సంగతి ఒక్కసారి కళ్లారా చూసుకోవాలి. ఆ తర్వాత తలంటుకుని, మధ్యాహ్నం కాసేపు పడుకోవాలి.

మర్నాడు ఆమె యూనివర్సిటీలో, ఫిజిక్స్ డిపార్ట్‌మెంట్ పెద్దల ముందు పాఠం చెప్పి చూపించాలి. నచ్చితే డెమాన్‌స్ట్రేటర్ కొలువు ఇస్తారు. టెంపరరీ కొలువే. అయినా అదుంటే తార్నాకలో ఉండిపోవచ్చు, ల్యాబు తాళాలు చేతికి వస్తాయి, ముందు ముందు రీసెర్చి చేయవచ్చు. లేకపోతే ఊళ్లో అన్న రాజన్న బ్లాకు ఆఫీసులో అడిగి పెట్టిన కుట్లు అల్లికల టీచరమ్మ ఉద్యోగం ఉండనే ఉంది. భూదేవికి సూదిలో దారం ఎక్కించడం వచ్చు. అక్కడి నుంచి ముందుకు రాదు. అన్న కోపంతో చెప్పి ఉంటే కాదనేదే, ప్రేమతో చేసి పెట్టాడు కాబట్టి కాదనడానికి ఏదో ఒక కొలువు చూపించాలి.

ఆమె ఎంచుకున్న పాఠం వెలుగు గురించి. విద్యుత్తు ఊగితే పక్కనే అయస్కాంత శక్తి లేస్తుంది. అది ఊగితే మళ్లీ విద్యుత్తు లేస్తుంది. ఇట్లా ఒకదాన్నొకటి లేపుకుంటూ, నీళ్లూ గాలీ ఏమీ లేని చోట కూడా అలలై పరిగెత్తుతాయి. ఆ పరుగే వెలుగు. అల కాబట్టి దానికి ఎత్తూ పల్లమూ ఉంటాయి. ఒక అల ఎత్తు ఇంకో అల పల్లంలో పడితే రెండూ చెల్లిపోయి అక్కడ చీకటి మిగులుతుంది. పుస్తకంలో ఇదంతా ఉంది. కానీ భూదేవి చదివిన ఊరి బడిలో సైన్సు సారు గోడ మీద బొగ్గుతో దీపం బొమ్మ గీసి, "ఇది వెలిగిందనుకోండి" అనేవాడు. అప్పటి నుంచి ఆమెకు అనుకోవడం మీద నమ్మకం పోయింది. ఏదైనా చూడాల్సిందే.

తార్నాక నుంచి లాలాపేట్ పోయే దారిలో ఒక పెంకుటింట్లో వీధివైపు గది ఆమెది. సామాను సిద్ధంగా ఉంది. ల్యాబులో అడిగి తెచ్చిన స్పిరిటు దీపం, ఇంటామె లచ్చవ్వను అడిగి తెచ్చి నూరుకున్న గుప్పెడు ఉప్పు, ఒక గిన్నెలో సబ్బునీళ్లు, చేతినుంచి తీసిన గాజు. కిటికీకి నాయన ఇచ్చిన నల్ల గొంగడి కట్టింది. తడి ఉప్పు వత్తికి పట్టిస్తే మంట పసుపుపచ్చగా మండుతుంది. మామూలు వెలుగులో అన్ని రంగుల అలలూ కలగలిసి ఉంటాయి, ఈ మంటలో దాదాపు పసుపొక్కటే. గాజును సబ్బునీళ్లలో ముంచి తీస్తే దాని నడుమ పల్చని పొర నిలుస్తుంది. పొర ముందువైపు నుంచీ వెనకవైపు నుంచీ తిరిగి వచ్చిన వెలుగులు కలిసి, ఒక పసుపు చార, ఒక నల్ల చారగా కనబడాలి.

కనబడ్డాయి. భూదేవి ఊపిరి బిగబట్టి చూస్తూ ఉండిపోయింది.

సరిగ్గా అప్పుడే లచ్చవ్వ చాయ్ గ్లాసుతో తలుపు తోసింది.

చీకట్లో ఆమెకు ఒక ముఖం కనబడింది. నెత్తురు చుక్క లేని బూడిదరంగు ముఖం. పెదవులు నలుపు. నుదుట కుంకుమ నలుపు. ఎండలకు భూదేవి బుగ్గల నిండా చెమటకాయలు ఎర్రగా లేచి ఉన్నాయి, అవీ నల్లటి పొక్కులై కనబడుతున్నాయి. ఎరుపును ఎరుపుగా చూపించడానికి ఆ మంటలో ఎర్రటి వెలుగు లేదన్న సంగతి లచ్చవ్వకు తెలియదు. ఎండాకాలంలో చీకటి గదిలో ముఖం నిండా పొక్కులుంటే ఏమంటారో మాత్రం ఆమెకు బాగా తెలుసు.

"తలుపు మూయి చిన్నమ్మా! వెలుతురు పడొద్దు, గాలి తగలొద్దు!" అంది భూదేవి, పొర పగిలిపోతుందేమోనన్న భయంతో.

ఉన్న అనుమానం కూడా తీరిపోయింది. లచ్చవ్వ గ్లాసు గడప దగ్గర పెట్టి, రెండు చెంపలూ వేసుకుంది. "తప్పయింది తల్లీ. సల్లంగ సూడు" అంటూ వెనక్కి వెనక్కి నడిచి తలుపు దగ్గరగా వేసింది.

ఒక ప్రయోగానికి ఇంత మర్యాద ఇచ్చిన మనిషిని భూదేవి క్యాంపస్‌లో కూడా చూడలేదు. లోపల్లోపల సంతోషపడింది.

వత్తికి పట్టించిన ఉప్పు కాలిపోయి మంట నీలం తిరగడంతో ఆమె బయటికి వచ్చింది. గుమ్మానికి వేపమండలు కట్టి ఉన్నాయి. వాకిట్లో పసుపు నీళ్లు చల్లి ఉన్నాయి. లచ్చవ్వ అప్పుడే తలస్నానం చేసి తడి చీరలో నిలబడి ఉంది. ఆమె మొగుడు లక్ష్మీనర్సయ్య, రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు, మోదుగాకు పొట్లం ఒళ్లో పెట్టుకుని అరుగు మీద దిగాలుగా కూర్చున్నాడు.

"చిన్నమ్మా, ఇంకింత ఉప్పియ్యవా?"

"ఉప్పా!" లచ్చవ్వ గుండె మీద చెయ్యి వేసుకుంది. "ఉప్పు ముచ్చట ఎత్తొద్దు తల్లీ. ఇంట్ల ఉప్పు, కారం, పోపు అన్ని బంద్. ఉప్పు కుండ అవతలింట్ల పెట్టిచ్చిన."

"ఎందుకు?"

"తెల్వనట్టు అడిగి నన్ను పరీక్ష చేస్తున్నవా తల్లీ?"

"నల్లకుంట దాక పోయి తెచ్చిన," అన్నాడు లక్ష్మీనర్సయ్య పొట్లం వైపు చూస్తూ. "లేత మాంసం. ఇప్పుడు దీన్నేంజెయ్యాలె?"

"ఊకో అయ్యా! తల్లి ఇంట్ల ఉంటే మాంసం ముచ్చటా?"

"తల్లికి యాటపోతునే కోస్తరు కదనే? గామెకు లేని పట్టింపు నీకేందే?"

"అది తల్లి పోయినంక. ఉన్నప్పుడు కాదు. నోరు మూసుకొని పెరుగన్నం తిను."

అప్పటికి భూదేవికి సంగతి అర్థమైంది. నవ్వు వచ్చింది. "అయ్యో చిన్నమ్మా! నాకు ఆటలమ్మ పొయ్యలే. ఇవి చెమటకాయలు."

"అవు తల్లీ. చెమటకాయలే."

"నిజంగ చెప్తున్న!"

"నిజమే తల్లీ. నువ్వేదంటే గదే."

"నా మొకం చూడు ఒక్కసారి."

"గంత పెద్ద శిక్ష ఎయ్యకు తల్లీ," అంది లచ్చవ్వ. ఆమె మొదటినుంచీ భూదేవి పాదాలతోనే మాట్లాడుతోంది. తల్లి పోసిన మనిషి మాట తల్లి మాటే. ఎదురు చెప్పరాదు, తేరిపార చూడరాదు. వాదించేవాళ్లను ఒప్పించడం ఎట్లాగో భూదేవికి కొంత తెలుసు. అన్నింటికీ ఔననేవాళ్లను ఒప్పించే పద్ధతి ఏ పుస్తకంలోనూ లేదు. ఆమె లోపలికి వెళ్లి కూర్చుంది.

ఎండెక్కేసరికి వాడకట్టు ఆడవాళ్లందరూ వచ్చారు. మాణికేశ్వర్ నగర్ నుంచి బుచ్చవ్వ అనే ముసలామె మనవరాలిని చంకనేసుకుని వచ్చింది. ఆ పిల్లకు నిజంగానే ఆటలమ్మ పోసింది, పొక్కులింకా మాడలేదు. "నీ బిడ్డనే తల్లీ, నువ్వే సల్లంగ సూడాలె," అంటూ పిల్లను భూదేవి ఒళ్లో కూర్చోబెట్టింది. పిల్ల చల్లటి చేతులతో భూదేవి మెడ పట్టుకుంది. ఎంతటి శాస్త్రం చదివినా మెడ పట్టుకున్న పిల్లను దింపేయడం కష్టం. భూదేవి దింపలేదు.

"సబ్బునీళ్లు ఎందుకు పెట్టుకున్నదో?" అని ఒకామె గుసగుసగా అడిగింది.

"తల్లికి ఎన్నో ఉంటయ్. అడుగొద్దు," అంది లచ్చవ్వ.

ఆ సమయానికి విశాలాక్షి వచ్చింది. ఆమె భూదేవికి క్లాస్‌మేట్, నల్లకుంట పిల్ల. కొలువుకు నిలబడ్డ వాళ్లలో భూదేవి తర్వాతి పేరు ఆమెదే. అయినా రేపటి పాఠానికి కట్టుకొమ్మని తన జరీ అంచు చీర ఇవ్వడానికి వచ్చింది. అటువంటి మనిషి. గేటు దగ్గరే లచ్చవ్వ చెయ్యి అడ్డం పెట్టింది. "లోపలికి రావొద్దు బిడ్డా. ఆటలమ్మ పోసింది."

విశాలాక్షికి చిన్నప్పుడు ఆటలమ్మ పోయలేదు. ఆమె చీరను గోడమీద పెట్టి రెండడుగులు వెనక్కి వేసింది. రేపు పాఠం చెప్పాల్సిన మనిషి ఇట్లా పడిపోయిందని చెప్పకపోతే తప్పనిపించి, అటునుంచి అటే క్యాంపస్‌లో వెంకటేశ్వర్లు గారి క్వార్టర్‌కు వెళ్లింది.

రేపటి పాఠం విని కొలువు తేల్చే రీడర్ వెంకటేశ్వర్లు గారు డిపార్ట్‌మెంట్‌కు థియరీ మనిషి. బోర్డు మీద విద్యుదయస్కాంత సమీకరణాలు మొదలుపెడితే సుద్దముక్క అయిపోయేదాకా పిల్లల వైపు తిరగరు. ల్యాబు గడప తొక్కి ఎన్నేళ్లయిందో అటెండర్లు కూడా చెప్పలేరు. విశాలాక్షి మాట వినగానే ఆయన కుర్చీని వెనక్కి జరుపుకున్నారు.

"చికెన్ పాక్సా! ఆ అమ్మాయి డిపార్ట్‌మెంట్ ఛాయలకు రాకూడదు. రేపు పాఠం నువ్వు చెప్పు. అన్నట్టు, నువ్వు ఆ అమ్మాయిని తాకలేదు కదా? సరే, సరే, అక్కడే నిలబడి మాట్లాడు."

విశాలాక్షి ఏడుపు ఆపుకుంటూ మళ్లీ తార్నాక వచ్చి, సందులోంచి కిటికీ కింద నిలబడి పిలిచింది. భూదేవి గొంగడి అంచు ఎత్తింది.

"భూదేవీ, నీ పాఠం పోవాలని చెప్పలేదే నేను. దేవుని మీద ఒట్టు."

"నాకేం కాలేదే! ఇవి చెమటకాయలు!"

"అందరు ముందుగాల అట్లనే అనుకుంటరంట," అని విశాలాక్షి ఇంకో అడుగు వెనక్కి వేసింది. "సారు నీ పేరు తీసేసిండు. నన్ను చెప్పమన్నడు. నాకు లైట్ పాఠం రాదే. నేను చదువుకున్నది హీట్!"

భూదేవి ట్రంకు పెట్టె మీద కూలబడింది. బ్లాకు ఆఫీసూ, వరసగా కుట్టుమిషన్లూ, తాను కుట్టిన వంకర గౌనులో ఏడుస్తున్న ఏదో పిల్లా ఆమె కళ్లముందు నిలిచాయి. బయట ఆడవాళ్లు వరసగా కూర్చుని ఆమె ఏమంటుందా అని చెవులు రిక్కించి ఉన్నారు. పుట్టి బుద్ధెరిగాక ఆమె మాటను ఇంతమంది ఎదురు చెప్పకుండా విన్నది లేదు. ఒక్క నిజం తప్ప ఏది చెప్పినా నమ్మడానికి వాడకట్టు వాడకట్టంతా సిద్ధంగా ఉంది.

ఆమె లేచి గడపలో నిలబడింది.

"చిన్నమ్మా, నాకు ఉప్పు కావాలె."

లచ్చవ్వ తడబడింది. "తల్లీ, ఉప్పు..."

"కావాలె. ఇంకోటి. క్యాంపస్‌ల వెంకటేశ్వర్లు సారు ఉన్నడు. ఆయన ఇక్కడికి రావాలె. భూదేవి పిలుస్తున్నదని చెప్పుండ్రి."

అందులో అబద్ధం ఒక్కటీ లేదు. ఆమె పేరు భూదేవే, పిలిచిందీ ఆమే.

ఉప్పు కుండ నిమిషంలో వచ్చింది. లక్ష్మీనర్సయ్య పరిగెత్తి తెచ్చాడు. ఉప్పు వచ్చిందంటే పోపు కూడా రావచ్చని ఆయన ఆశ. ఆడవాళ్లు వేపమండలు పట్టుకుని క్యాంపస్ వైపు కదిలారు. దారిలో ఎవరో డప్పు కూడా తెచ్చారు. వెంకటేశ్వర్లు గారు కిటికీలోంచి చూసి, ఏదో యూనియన్ వాళ్ల ఊరేగింపనుకుని తలుపు గొళ్లెం పెట్టించారు. సంగతి తెలుసుకున్నది ఆయన అత్తగారు.

"అమ్మవారు కబురంపితే వెళ్లనంటారేమిటండీ?" అంది ఆవిడ తలుపు చాటునుంచి. "ఇంట్లో పిల్లలున్నారు."

"అది వైరస్ అండీ!"

"ఏదైతేనేం, పిలిచింది కదా."

ఈ వాదానికి సమీకరణం లేదు. ఆయన ముక్కుకు రుమాలు కట్టుకుని, డప్పు వెనకాల తార్నాక దాకా నడిచారు. దారిలో ఇద్దరు విద్యార్థులు నమస్కారం పెడితే గుర్తుపట్టనట్టు తల వంచుకున్నారు.

"ఏమిటమ్మా ఈ గోల?" అన్నారు గది గుమ్మంలో ఆగి.

"ఒక్క నిమిషం లోపలికి రాండి సార్. చిన్నమ్మా, అందరు రాండ్రి. నా మొకమే చూడాలె ఇప్పుడు. నేను చెప్తున్న."

తల్లి చెప్పింది కాబట్టి అందరూ వచ్చారు. తలుపు మూసుకుంది. భూదేవి ఉప్పు పట్టించిన వత్తి వెలిగించింది. లచ్చవ్వ బుచ్చవ్వ వైపు చూసింది, బుచ్చవ్వ లచ్చవ్వ వైపు చూసింది. ఎవరి పెదవులు చూసినా నలుపే. ఎవరి బొట్టు చూసినా నలుపే. ఎవరి ముఖాన ఏ చిన్న ఎర్రమచ్చ ఉన్నా అది నల్లగా పైకి తేలింది.

"అందరికి పోసిందే!" అని బుచ్చవ్వ కేక పెట్టింది. గది దద్దరిల్లింది. లక్ష్మీనర్సయ్య ముఖం తడుముకుని, "నాకు కూడనా? నేను పెరుగన్నమే తిన్న గద!" అన్నాడు. వెంకటేశ్వర్లు గారు గోడకున్న అద్దంలో చూసుకున్నారు. పొద్దున గడ్డం గీసుకుంటూ కోసుకున్న గాట్లు నల్లగా, బూడిదరంగు చెంపల మీద వరసగా ఉన్నాయి. ఆయన ట్రంకు పెట్టె మీద కూర్చుని తన నాడి తానే పట్టుకున్నారు.

"అమ్మాయ్, నాకు ఒళ్లు వెచ్చబడుతోంది."

"సార్," అంది భూదేవి మెల్లగా, "ఇది సోడియం మంట సార్. ఒక్కటే రంగు."

ఆమె వెళ్లి గొంగడి లాగేసింది. ఎండ లోపలికి దూకింది. కుంకుమలన్నీ ఎర్రబడ్డాయి, పెదవులకు ప్రాణం వచ్చింది. మళ్లీ కప్పింది, నలుపు. మళ్లీ తీసింది, ఎరుపు.

"కుంకుమకు సొంత వెలుగు లేదు చిన్నమ్మా. తన మీద ఎర్ర వెలుగు పడితే దాన్ని మన కంటికి తిరిగి పంపుతది. ఈ మంటల ఎరుపే లేదు. ఇంక దేన్ని పంపుతది? అందుకే నల్లగ ఉంటది. నా చెమటకాయలు గూడ గంతే."

లచ్చవ్వ నమ్మలేదు. గొంగడి తానే పట్టుకుని తీసింది, వేసింది, తీసింది. ప్రతిసారీ బుచ్చవ్వ బొట్టు వైపు చూసింది. ఆఖరికి భూదేవి గడ్డం పట్టుకుని, ముఖాన్ని ఎండలోకి తిప్పి, కళ్లు చికిలించి చూసింది.

"చెమటకాయలే!" అంది కోపంగా. "పొద్దున్నే చెప్పొద్దా పిల్లా?"

నవ్వులు సద్దుమణిగాక, భూదేవి మళ్లీ చీకటి చేసి గాజును సబ్బునీళ్లలో ముంచి తీసింది. చారలు ఒక్కొక్కటే దిగసాగాయి. ఇప్పుడామెకు భయం లేదు. అలల సంగతి, ఎత్తూ పల్లమూ చెల్లిపోవడం, వెలుగూ వెలుగూ కలిసి చీకటి కావడం, అన్నీ ఊళ్లో అమ్మతో ముచ్చట చెప్పినట్టు చెప్పింది.

"రెండు మంచియే. కలిస్తే చీకటా?" అంది లచ్చవ్వ. తలూపింది. "అవునే. మా అత్త మంచిదే, నేను మంచిదాన్నే. ఒక్క పొయ్యికాడ ఇద్దరం నిలబడితే గట్లనే అయ్యేది."

వెంకటేశ్వర్లు గారు రుమాలు ఎప్పుడు తీసేశారో ఎవరూ చూడలేదు. గాజు మీదికి వంగి ఉన్నారు. ఇన్నేళ్లూ సుద్దముక్కతో రాసింది ఆయన కళ్లముందు జారుతోంది. "పైన మరీ పల్చబడ్డచోట దారి తేడా ఏమీ లేదు కదా, అక్కడ వెలుగుండాలి. నల్లగా ఉందేం?" అని అడిగారు. పరీక్షగా అడగలేదు, తెలుసుకోవాలని తొందరపడి అడిగారు.

"ముందువైపు తగిలి వచ్చే అల తిరగబడి వస్తది సార్. వెనకవైపుది తిరగబడదు. అందుకే దారి తేడా లేకున్నా ఒకటినొకటి చెరుపుకుంటయ్."

ఆయన గాజు మీదికి ఇంకాస్త వంగారు. పొర పగిలిపోతే, "ఇంకోసారి ముంచమ్మా," అన్నారు. మూడోసారి ముంచాక లేచి, "రేపు పది గంటలకు ఇట్లాగే చెప్పు. డప్పు మాత్రం వద్దు," అన్నారు.

సోమవారం పాఠం బాగా జరిగింది. కొలువు భూదేవికే వచ్చింది. ఆ సాయంత్రం గేటు దాకా ఆగకుండా పరిగెత్తుకొచ్చి ఆమెను కావలించుకున్న మొదటి మనిషి విశాలాక్షి. రాజన్నకు కుట్టు కొలువు వద్దని కబురు వెళ్లింది.

రెండు వారాలు తిరిగాక, కొలువులో చేరాల్సిన రోజు తెల్లవారి భూదేవి లేచేసరికి తల దిమ్ముగా ఉంది. ఒళ్లు కాలుతోంది. మెడ మీద, సరిగ్గా బుచ్చవ్వ మనవరాలు పట్టుకున్నచోట, నీటి పొక్కులు లేచి ఉన్నాయి. ఆమె వాకిట్లోకి వచ్చి నిలబడింది. నిండు ఎండ.

"చిన్నమ్మా, ఈసారి నిజంగనే పోసినట్టున్నది. చూడు."

లచ్చవ్వ చేట పక్కన పెట్టి, మెడ వైపు ఒక్క చూపు చూసి పకపకా నవ్వింది. "ఇంకెవరికన్న చెప్పు బిడ్డా. అంత వెలుతురు మాయ. సైన్సు నేను కండ్లార చూసిన. పో, మొదటి రోజే ఆలస్యం చెయ్యకు."

"ఇక్కడ దీపం లేదు చిన్నమ్మా!"

"పొద్దు లేదా? అది గూడ దీపమే గద!"

డిపార్ట్‌మెంట్‌లో భూదేవి దూరంగా నిలబడి వెంకటేశ్వర్లు గారికి చెప్పబోయింది. ఆయన చెయ్యెత్తి ఆపేశారు. "ఒకసారి మోసపోయానమ్మా, రెండోసారి పోను. ఈ వరండా దీపాల రంగే అంత," అంటూ ఆమెను తీసుకువెళ్లి, స్టాఫ్ రూములో అందరికీ దగ్గరుండి పరిచయం చేశారు, క్లాసుకూ తీసుకువెళ్లారు. చికెన్ పాక్స్ అని ఆమె ఎంత చెప్పినా అందరూ ఉప్పు దీపం కథ గుర్తుచేసుకుని నవ్వారు.

ఆ ఏడాది వేసవి సెలవులు ఫిజిక్స్ డిపార్ట్‌మెంట్‌కు మాత్రం కొంచెం ముందే మొదలయ్యాయి.